ఆరు యాభై రెండు నాటి ఆకుపచ్చ

ఉదయం పది నలభైకి బావ ఫోన్ చేశాడు.

"ఏం మరదలా, మీ బోర్డుగారు ఏం సెలవిస్తున్నారు?"

మా అక్క భర్త. పంపుల మెకానిక్. ఇంట్లో ఎలా పిలుస్తాడో ఆఫీసు ఫోన్లోనూ అలాగే పిలుస్తాడు. మానమని చాలాసార్లు చెప్పాను. చెప్పినకొద్దీ ఎక్కువ చేశాడు.

"ఏ స్టేషన్ బావా?"

"ఏడు. ఒకటో పంపుకి సీలు పోయింది. మేస్త్రీ, నేనూ దిగుతున్నాం. గ్యాస్ చూసే చేతి మీటరు రిపేరుకెళ్లి పదిరోజులైంది, ఇంకా తిరిగి రాలేదు. అందుకే తమరికి ఈ విన్నపం."

నేను తలెత్తి గోడ మీది స్క్రీన్ చూశాను. ఏడో గడి ఆకుపచ్చగా ఉంది.

"గ్యాస్ రెండు. బ్లోయరూ ఆకుపచ్చే. దిగొచ్చు."

"పొద్దున మీ అక్క మొహం కన్నా ప్రశాంతంగా ఉందన్నమాట."

"ఈ మాట అక్కకి చెప్పనా?"

"చెప్పావంటే ఈ వారమంతా మీ ఇంట్లోనే నా భోజనం. ఆలోచించుకో."

నవ్వుతూ పెట్టేశాడు. నేను రిజిస్టరులో రాశాను: ఏడో స్టేషన్, ఇద్దరు, పది నలభై ఒకటి, అనుమతి ఇవ్వడమైనది.

మాది ఊరి మురుగునీటి పంపుల కంట్రోల్ రూమ్. మొత్తం పద్నాలుగు స్టేషన్లు. ప్రతి స్టేషన్ కిందా మూడంతస్తుల లోతు బావి ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ల మురుగంతా అందులో పడుతుంది, పంపులు దాన్ని శుద్ధి కేంద్రానికి తోస్తాయి. ఆ మురుగులో ఒక విషవాయువు పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. అప్పుడు రెండు గుక్కలు చాలు.

అందుకే ప్రతి బావిలో గ్యాస్ సెన్సర్ పెట్టారు. అది పంపే అంకె నిమిషానికోసారి నెట్‌వర్క్ మీద మాకు చేరుతుంది. అంకె పెరిగితే బ్లోయర్ తనంతట తానే తిరిగి, బావిలోకి మంచిగాలి తోస్తుంది. తగ్గితే ఆగిపోతుంది. మా గోడ మీద ఆకుపచ్చ అంటే క్షేమం, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ప్రమాదం. నాలుగోది బూడిద రంగు. అది మంచీ చెప్పదు, చెడూ చెప్పదు. నాకేమీ తెలియడం లేదు అంటుంది. కొత్తగా చేరినవాళ్లు ఎరుపును చూసి హడలిపోతారు. హడలాల్సింది బూడిద రంగుకని తెలియడానికి కొన్నేళ్లు పడుతుంది. నాకిది తొమ్మిదో ఏడు. నాకు బాగా తెలుసు.

పది నలభై ఎనిమిదికి పక్క కుర్చీలోంచి రేడియో మాట్లాడాడు. అతని అసలు పేరుతో ఎవరూ పిలవరు. కుర్చీలో కూర్చున్న క్షణం నుంచి లేచేదాకా నోరు ఆగదు కాబట్టి రేడియో.

"మేడమ్, సారుకి నివేదికలో పెట్టడానికి ఒక గ్రాఫు కావాలట. ఏదో ఒక స్టేషన్ నీటిమట్టం. అందంగా ఉన్నది చూసి పంపమన్నారు. గ్రాఫుల్లో కూడా అందగత్తెలుంటారని నాకు ఇవాళే తెలిసింది."

"ఏడో స్టేషన్ తియ్యి. ఎలాగూ దాని పేజీ తెరిచే ఉంది."

తీశాడు. నేను వంగి చూశాను.

బావిలో నీళ్లు ఎప్పుడూ నిలకడగా ఉండవు. ఎవరో స్నానం చేస్తారు, ఎవరో బట్టలు ఉతుకుతారు. నీరు పెరుగుతుంది, పంపు తోస్తుంది, తగ్గుతుంది. గ్రాఫు రంపం పళ్లలా ఉండాలి. ఇది అర్ధరాత్రి నుంచి తెల్లవారుదాకా రంపం పళ్లలాగే ఉంది. ఆ తర్వాత స్కేలుతో కొట్టినట్టు ఒకే గీత. ఒకటి పాయింట్ ఎనిమిది నాలుగు మీటర్లు, ఇప్పటిదాకా.

"ఇదేంటి, నీళ్లు గడ్డకట్టాయా?" అన్నాడు రేడియో.

గీత మొదలైన చోట వేలు పెట్టాను. ఆరు యాభై రెండు.

గ్యాస్ అంకె చివరిగా వచ్చిన సమయం చూశాను. ఆరు యాభై రెండు. బ్లోయర్. ఆరు యాభై రెండు. ఏడో స్టేషన్ లింకును పలకరించి చూశాను. జవాబు లేదు. మళ్లీ పలకరించాను. లేదు.

నాలుగు గంటలుగా ఏడో స్టేషన్ మాతో మాట్లాడటం లేదు. అయినా గోడ మీద ఆకుపచ్చగానే ఉంది.

అలా ఎందుకుందో నాకు తెలుసు. చేసింది నేనే.

రెండు నెలల కిందట వానల్లో ఏడో స్టేషన్ లింకు పోతూ వస్తూ ఉండేది. పోయిన ప్రతిసారీ బూడిద రంగు, దాంతోపాటు అలర్ట్ మోత. 'చూశాను' అనే మీట నొక్కేదాకా అది ఆగదు. నొక్కినవాళ్లు స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలన్నది నియమం. రోజుకు మూడు వందల సార్లు మోగితే ఎవరు కనుక్కుంటారు? చూడకుండానే 'చూశాను' నొక్కడం మొదలుపెట్టాం. ఒకరోజు రేడియో ఆ మీట మీద స్టేప్లర్ బరువు పెట్టి భోజనానికి వెళ్లిపోయాడు. అందరం పడీపడీ నవ్వాం.

ఆ వారమే సారు వచ్చాడు. "పైవాళ్లు వచ్చి చూస్తే గోడ మీద ఈ బూడిదేంటమ్మా, ఇల్లు తగలబడినట్టు. నాకిది కనపడకూడదు" అన్నాడు. ఎలా అన్నది చెప్పలేదు. ఎలాగో నాకు తెలుసు.

కొత్త అంకె రాకపోతే పాత అంకెను ఎంతసేపు నమ్మాలో ఒక గడువు ఉంటుంది. మూడు నిమిషాలు. అది దాటితే గడి బూడిదవుతుంది. ఆ మధ్యాహ్నం ఏడో స్టేషన్‌కు నేను ఆ గడువును ఆరు గంటలు చేశాను. మోత ఆగింది. వానలు వెలిశాక మళ్లీ మార్చాలనుకున్నాను. వానలు వెలిశాయి. గది నిశ్శబ్దంగా ఉంది. నిశ్శబ్దం ఎవరికీ ఏదీ గుర్తు చేయదు. ఆ నెల నివేదికలో అలర్ట్‌లు బాగా తగ్గాయని సారు రాశాడు, నాకూ చూపించాడు.

బావకు ఫోన్ చేశాను. ఎత్తినవాడు బావ కాదు, వ్యాను డ్రైవరు.

"మెకానిక్ ఎక్కడ?"

"బావిలో దిగారండి. నిప్పురవ్వ భయం కదా, ఫోన్లు కిందికి తీసుకెళ్లరు. ఇద్దరి ఫోన్లూ నా దగ్గరే ఉన్నాయి."

"మీరు పైనే ఉన్నారా? ఇప్పుడే గట్టిగా అరవండి, పైకి రమ్మనండి."

"నేను స్టోర్స్‌లో ఉన్నానండి. తెచ్చిన సీలు సైజు సరిపోలేదు, ఇంకోటి తెమ్మన్నారు. అరగంటలో వెళ్తాను."

"పైన ఎవరున్నారు?"

"నేనే ఉండాలండి," అన్నాడు.

స్టేషన్‌లో ఒక ఫోను ఉంది. దాని తీగా ఆ చచ్చిన లింకులోంచే వెళ్తుంది. సైరనూ అంతే. రేడియో అప్పటికే అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేస్తున్నాడు. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తక్కువ మాటలు మాట్లాడటం మొదటిసారి చూశాను.

"ఇరవై నిమిషాలంట," అన్నాడు. "వంతెన దగ్గర ఇరుక్కుంటే ఇంకో అయిదు."

పది యాభై ఒకటి.

ఒక విషయం గుర్తొచ్చింది. బావిలోకి దిగేవాళ్లకు ఒక అలవాటుంది. దీపాలు ఆరిపోతే చేతిలో ఏ పనున్నా వదిలేసి నిచ్చెన ఎక్కాలి. ఎక్కడా రాసి ఉండదు, పాతవాళ్లు కొత్తవాళ్లకు చెబుతారు. బావకు మేస్త్రి చెప్పాడు. స్టేషన్‌కు కరెంటు తీయిస్తే వాళ్లిద్దరూ పైకి వస్తారు.

ఫోన్ అందుకుని ఆగిపోయాను. బ్లోయరూ కరెంటు మీదే నడుస్తుంది.

బావిలో ఇప్పుడు గ్యాస్ పెరిగి బ్లోయర్ తిరుగుతూ ఉంటే, వాళ్లు పీలుస్తున్న గాలి అదే. కరెంటు తీస్తే నా చేతులతో నేనే వాళ్ల ఊపిరి ఆపినట్టు. బ్లోయర్ తిరగకపోతే, కరెంటు ఉన్నంతసేపూ దీపం వెలుగులో తాపీగా పనిచేసుకుంటూ చస్తారు. బ్లోయర్ మోత ఆగిందని బావ అనుమానపడడు. గ్యాస్ తక్కువగా ఉన్నప్పుడు అది ఆగే ఉంటుంది. గ్యాస్ తక్కువని నేనే చెప్పాను.

ఏది నిజమో గోడ చెప్పదు. అది ఆరు యాభై రెండు దగ్గర ఆగిపోయింది.

కరెంటు లైన్ల డెస్కుకు ఫోన్ చేశాను. అక్కడి ఆపరేటర్ గొంతు ఫోన్లో వినడమే కానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"ఏడో పంపింగ్ స్టేషన్ ఇప్పుడు ఎంత కరెంటు లాగుతోందో మీకు కనపడుతుందా?"

"కనపడుతుంది. మీ బిల్లుల వాళ్లు తప్ప ఎవరూ అడగరు. ఆగండి." కీబోర్డు చప్పుడు. "నాలుగు ఆంపియర్లు."

"సరిగ్గా చూడండి."

"నాలుగు అంటే నాలుగేనండి. బేరాలుండవు ఇక్కడ."

ఒక్క బ్లోయరే ఇరవై దాకా లాగుతుంది. పని కోసం పంపులు ఆపేశారు. నాలుగంటే దీపాలు మాత్రమే.

"పొద్దున ఆరు యాభై రెండుకి మీ లైన్లో ఏమైనా జరిగిందా?"

"ఒక్క క్షణం పోయి వచ్చింది. మేం రాసుకున్నాం కూడా. ఏం, గడియారాలు ఆగాయా?"

అదీ సంగతి. కరెంటు కన్ను మూసి తెరిచింది. దీపాలు తిరిగి వెలిగాయి. సెన్సర్లనూ బ్లోయర్‌నూ నడిపే పెట్టె మాత్రం లేవలేదు. దాన్ని ఎవరైనా వెళ్లి మీట నొక్కి లేపాలి. ఎవరూ వెళ్లలేదు, ఎందుకంటే మాకు అలర్ట్ రాలేదు.

"ఆ లైను తీసేయండి," అన్నాను. "ఇప్పుడే."

"ఏమ్మా, ఆ లైన్లో ఒక ముద్రణాలయం, పళ్ల డాక్టరు, రెండు లిఫ్టులు ఉన్నాయి. మీ అధికారి చెప్పాలి."

రెండో ఫోన్లో సారుకు చెప్పాను. నాలుగు వాక్యాలు.

"బోర్డు మీద ఆకుపచ్చ ఉందిగా?" అన్నాడు.

"అది పొద్దుటి ఆకుపచ్చ సార్."

"అలాగైతే బూడిద రావాలి కదా. ఎందుకు రాలేదు?"

"కనపడకూడదన్నారు. గడువు ఆరు గంటలు చేశాను."

అటు పక్క కుర్చీ కదిలిన చప్పుడు.

"నేను కనుక్కుని చెప్తాను. తొందరపడకు. పళ్ల డాక్టరు ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టి ఉంటాడు, రేపు మన మీద పడతారు."

పెట్టేశాను. మొదటి ఫోన్లో ఆపరేటర్ ఇంకా ఉన్నాడు. అంతా విన్నాడు.

"లోపల ఎంతమంది?" అన్నాడు. ఇప్పుడతని గొంతులో ఎగతాళి లేదు.

"ఇద్దరు. ఒకాయన మా అక్క భర్త."

"ఎవరు అడిగారని రాయమంటారు?"

నా పేరూ ఉద్యోగం నంబరూ చెప్పాను. రాసుకున్నాడు. నంబరు తిరిగి చదివి వినిపించాడు, అది పద్ధతి. ఆ నాలుగు సెకన్లు నేను ఓర్చుకున్నాను.

"తీశాను," అన్నాడు. పది యాభై అయిదు.

తర్వాత మేం చేయడానికేమీ లేదు. గోడ మీద ఏడో గడి ఆకుపచ్చగానే వెలుగుతోంది. కరెంటే లేని చోట బ్లోయర్ క్షేమమని చెబుతోంది. రేడియో లేచి వెళ్లి అట్టముక్క ఒకటి తెచ్చి ఆ గడికి అడ్డంగా అంటించాడు.

పదకొండు ఇరవై రెండుకు అగ్నిమాపక అధికారి ఫోన్ చేశాడు.

"ఇద్దరినీ బయటికి తీశాం. పెద్దాయనకి ఊపిరి ఉంది. ఆసుపత్రికి పంపాం."

"రెండో ఆయనకి?"

"ఆయన్నీ పంపాం," అన్నాడు. ఆ రెండు వాక్యాలకూ మధ్య తేడా అతను దాచలేదు.

ఏం జరిగిందో ముద్రణాలయం మనిషి చూశాడు. కరెంటు పోవడంతో యంత్రం ఆగి, గాలికని వీధిలోకి వచ్చాడు. ఎదురుగా పంపుల స్టేషన్ గేటు తెరిచి ఉంది. లోపలి నుంచి ఒక మనిషి పాక్కుంటూ వచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాడు. దగ్గాడు, కక్కుకున్నాడు. ముద్రణాలయం మనిషి నీళ్లు పట్టుకెళ్లేసరికి అతను లోపలికి తిరిగి, మేస్త్రీ, మేస్త్రీ అని పిలుస్తున్నాడు. జవాబు రాలేదు. చేతిలోని నీళ్లు లాక్కుని తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాడు. "దిగకండి, ఎవరినైనా పిలుద్దాం" అంటే, "ఆయన నాకు పని నేర్పినాయన" అన్నాడట. తడిగుడ్డ ఆ వాయువును ఆపదు. బావకు అది నాకన్నా బాగా తెలుసు.

నిచ్చెన అడుగు మెట్టు దగ్గర, మేస్త్రి చంకల కింద తాడు వేసి ముడి బిగించి ఉంది. అగ్నిమాపకవాళ్లు ఆ తాడు పట్టుకునే మేస్త్రిని లాగారు. ముడి వేసినవాడు పక్కనే నీళ్లలో బోర్లా పడి ఉన్నాడు.

ఆసుపత్రి వసారాలో సారు నాకోసం ఎదురుచూస్తున్నాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వు చాలా ధైర్యంగా పనిచేశావమ్మా. ఒక ప్రాణం నిలబెట్టావు. పైవాళ్లతో అదే చెప్పాను." గొంతు తగ్గించాడు. "ఏడో స్టేషన్ గడువు మూడు నిమిషాలకు పెట్టించాను. ఎవరు ఏం మార్చారో రాసే చిట్టాలో కూడా ఇప్పుడేమీ లేదు. లింకు పోయినా బోర్డు చూపించలేదు, యంత్రం లోపం, అంతే. నువ్వు నోరు జారకు. నీకూ మంచిది, మీ అక్కకూ మంచిది. నష్టపరిహారం విషయంలో చిక్కులుండవు."

"నేను మార్చానని మీకు ఫోన్లో చెప్పాను సార్."

"నాకు సరిగ్గా వినపడలేదు," అన్నాడు.

అక్క వసారా చివర బల్ల మీద కూర్చుని ఉంది. ఏడ్చి అలిసిపోయిన మొహం. ఒడిలో బావ చెప్పులున్న ప్లాస్టిక్ సంచి. నన్ను చూడగానే చెయ్యి చాపి పక్కన కూర్చోబెట్టుకుంది.

"అందరూ చెప్తున్నారు," అంది. "నువ్వే కనిపెట్టావటగా. కరెంటు తీయించకపోతే మేస్త్రి కూడా దక్కేవాడు కాదట. మీ బావ ఒకసారి పైకొచ్చాడటే. నీ వల్లే వచ్చాడు. మళ్లీ దిగింది ఆయనే. ఆయన సంగతి తెలుసుగా, ఎవర్నీ వదిలి రాడు. దానికి నువ్వేం చేస్తావు?"

నా చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. సారు దూరం నుంచి మావైపే చూస్తున్నాడు.

ఊరుకోవచ్చు. ఒక్క మాట మాట్లాడకపోతే ఆ చేతులు అలాగే ఉంటాయి.

"అక్కా, దిగమన్నది నేనే."

"బోర్డు మీద అలా ఉంటే నువ్వైనా ఏం చెప్తావే?"

"బోర్డు అలా చూపించేలా చేసింది కూడా నేనే."

చెప్పాను. గడువు అంటే ఏమిటో, మూడు నిమిషాలను ఆరు గంటలు ఎలా చేశానో, తిరిగి మార్చడం ఎలా మరిచిపోయానో. చిన్న చిన్న మాటలతో చెప్పాను. ఆ మూడు నిమిషాలే ఉండి ఉంటే ఏడింటికల్లా బూడిద వచ్చేదని, బావ ఫోన్ చేసినప్పుడు దిగొద్దు అనేదాన్నని కూడా చెప్పాను. అక్క చివర ఒక్కటే అడిగింది.

"ఎందుకలా చేశావు?"

సారు చెప్పాడని అనబోయాను. అదీ నిజమే. కానీ గడువు మార్చినరోజు నాకు సారు గుర్తు లేడు.

"మోత ఎక్కువైందని," అన్నాను.

అక్క నా చెయ్యి వెంటనే వదలలేదు. ఎక్కడ పెట్టాలో తెలియని వస్తువులా కాసేపు పట్టుకుని, తీసి నా ఒడిలో పెట్టింది.

"ఆ చూస్తున్నాడే, మీ సారు. ఆయనకి తెలుసా?"

"తెలుసు. ఇందాకే అంతా చెరిపించాడట."

"మేస్త్రి భార్యకి?"

"తెలియదు."

అక్క లేచింది. బావ చెప్పుల సంచి చంకలో పెట్టుకుని చీర సర్దుకుంది.

"మూడున్నరకి పాపని బడిలోంచి వదుల్తారు. నేను వెళ్లి తెచ్చుకుంటాను. నువ్వు రావద్దు. దానికి నిన్ను చూస్తే ఆటలే గుర్తొస్తాయి. ఇవాళ దాన్ని ఆడించొద్దు." రెండడుగులు వేసి ఆగింది. "ఆ గదిలో విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. నాతో చెప్పినట్టే చెప్పు. ఒక్క ముక్క తగ్గినా నాకు తెలుస్తుంది. తర్వాత నేను పిలిచేదాకా ఇంటికి రాకు."

ఎప్పుడు పిలుస్తావని అడగలేదు. ఆమె మెట్లు దిగి వెళ్లేదాకా చూసి, నేను గది వైపు నడిచాను. సారు అడ్డం వచ్చాడు. ఏదో అన్నాడు. పక్కకు తప్పుకుని వెళ్లాను.

ఇన్‌స్పెక్టరు నోటు పుస్తకం తిప్పి కొత్త పేజీ తీశాడు.

"కూర్చోండమ్మా. ఎప్పుడు మొదలైందో అక్కణ్నుంచి చెప్పండి. పది నలభైకి ఫోనొచ్చింది, అవునా?"

"అప్పుడు కాదండి," అన్నాను. "రెండు నెలల కిందట, ఒక మధ్యాహ్నం మొదలైంది."